లోపలి గోడ

మా నల్లజర్లకి రైలు లేదు. ఎక్కాలంటే తాడేపల్లిగూడెం వెళ్లాల్సిందే. అందుకేనేమో, రైలు నమూనాల పిచ్చి పట్టాక నాకు రైళ్లకన్నా స్టేషన్లే చేయాలనిపించింది. మిల్లీమీటరు మందం స్టైరీన్ షీటు మీద ఉక్కు స్కేలు ఆనించి, చాకుతో రెండు మూడుసార్లు గీరి వంచితే ఆ గీత వెంబడే టక్కున విరుగుతుంది. అంచులకి ద్రావకం రాస్తే ప్లాస్టిక్ కరిగి రెండు ముక్కలూ ఒకటవుతాయి.

హెచ్.ఓ. స్కేలులో ప్రతిదీ అసలులో 87వ వంతు. ఆరడుగుల మగవాడు 21 మిల్లీమీటర్లు, అయిదడుగుల ఆడమనిషి 17.5. మరి టిక్కెట్టు కిటికీ ఎవరి కళ్లకి అందాలి? నేను ఆమె ఎత్తుకే పెట్టాను.

ఆడవాళ్ల వెయిటింగ్ రూం దగ్గరికొచ్చేసరికి మా తమ్ముడు, "పైకప్పు వేశాక లోపలేముందో ఎవరు చూస్తారక్కా? ఆ గది వదిలెయ్" అన్నాడు. నిజమే, ఎవరూ చూడరు. కానీ పల్చటి షీటుతో లేపిన పొడవాటి గోడ లోపల ఆసరా లేకపోతే మెల్లగా వంగిపోతుంది. ముందు గోడని నిటారుగా నిలిపేది కనిపించని ఆ గది అడ్డుగోడలే.

1988లో సురేఖా యాదవ్ రైలింజను ఎక్కితే దేశమంతా చెప్పుకుంది. పని మధ్యలో ఒక ఆడమనిషి కాసేపు తలుపేసుకునే చోటు గురించి ఎవరు చెప్పుకుంటారు? దాన్ని ప్లానులోనే ఎవరో ఒకరు గీయాలి.

ఆ గదినీ, దాని వెనక మరుగుదొడ్డినీ కొలతలతో సహా కట్టాను. ఆ తర్వాతే పైకప్పు అతికించాను.