ఊట లెక్క

కన్నడనాట పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు 'ఊట' అనే మాటతో ఎప్పుడో ఒకప్పుడు చిక్కు వచ్చే ఉంటుంది. మనకు ఊట అంటే నేలలోంచి ఉబికే నీరు. కన్నడిగులకు భోజనం. "ఆదివారం గుట్ట ఎక్కుతున్నాను, పైన మంచి ఊట ఉంది" అని ఒకసారి బ్యాంకులో కన్నడంలో చెబుతూ ఆ ఒక్క మాట తెలుగుది వాడేశాను. మా క్యాషియరు తానూ వస్తానని బయలుదేరాడు. పైకి వెళ్ళాక నేను బకెట్టు, గడియారం తీసేసరికి అతని ముఖం చూడవలసిందే. చివరికి నా డబ్బాలోని చిత్రాన్నమే ఇద్దరం పంచుకున్నాము.

మాది కోలారు. జీవనది లేని జిల్లా. పట్టణం పక్కన శతశృంగ పర్వతం మీద అంతరగంగ ఉంది. రాతి బసవన్న నోటినుంచి పడే ఆ నీరు చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను కొలిచేది దాన్ని కాదు. జిల్లాలోనే ఇంకో గుట్ట మీద, గుడీ పేరూ లేని ఒక ఊటను.

కొలవడానికి పెద్ద చదువు అక్కరలేదు, నా బి.కాం. చాలు. బండ నెర్రెలోంచి చెదిరి కారే నీటికి అరటిదొప్ప వాలుగా పెట్టి ఒక్క ధారగా చేస్తాను. పక్క సందులు బంకమట్టితో మూస్తాను. ధార కింద 10 లీటర్ల బకెట్టు ఉంచి, నిండడానికి ఎన్ని సెకండ్లు పట్టిందో రాసుకుంటాను. మూడుసార్లు పట్టి సగటు తీస్తాను. వానలు విపరీతంగా కురిసిన 2021 నవంబరులో 40 సెకండ్లకు నిండింది. అంటే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600. మనిషికి రోజుకు 55 లీటర్లన్నది జల జీవన్ పథకం లెక్క. ఆ ప్రకారం 392 మందికి సరిపోతుంది. గుట్టకింద ఊరికి ఇంక కరువేమిటని మురిసిపోయాను.

అక్కడే పొరబడ్డాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో పొదుపు ఖాతాకు వడ్డీ ఎలా కట్టేవాళ్ళమో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. నెలలో 10వ తేదీ తరువాత మొదలు ఆఖరి తేదీ దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ. మధ్యలో లక్ష వేసి తీసినా లెక్కకు రాదు. 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ నిల్వ మీద కడుతున్నారు గాని, ఊటకు మాత్రం పాత పద్ధతే. పైన కురిసిన వాన మట్టిలోకి, రాతి పగుళ్ళలోకి ఇంకి, కింద గట్టిబండ అడ్డం వచ్చినచోట పక్కకు జరిగి బయటపడుతుంది. వానాకాలంలో అది ఉరకడం గొప్ప కాదు. మే నెలలో ఎంత ఇస్తుందో, ఊరు నమ్ముకోదగినది అంతే.

2022 మేలో అదే బకెట్టుకు 2 నిమిషాల 40 సెకండ్లు పట్టింది. 98 మందికి సరి. 2023లో కర్ణాటకంలో కరువు వచ్చింది. 2024 మేలో బకెట్టు పక్కన పెట్టి లీటరు చెంబు పట్టవలసి వచ్చింది. అది నిండడానికే 50 సెకండ్లు. రోజుకు 1,728 లీటర్లు, 31 మందికి.

ఆ రోజు నాతో బకెట్టు మోసుకొచ్చిన కుర్రవాడిది గుట్టకింద ఊరే. వాళ్ళ నాన్నను నేనెరుగుదును. 1999లో బోరు అప్పుకు వచ్చాడు. "నీళ్ళు పడతాయా?" అని మాటవరసకు అడిగాను. "యాడుండాయో భూతల్లికే ఎరుక సార్" అన్నాడు. పొలం విలువ, పంట రాబడి, హామీదారు సంతకం అన్నీ పరిశీలించాను. నీటి సంగతి మళ్ళీ అడగలేదు. ఆ బోరు రెండేళ్ళు పోసి ఎండిపోయింది. రెండో బోరుకూ నేనే సిఫారసు చేశాను. అందులో నీళ్ళే పడలేదు. పొలంలో సగం అమ్మి అప్పు తీర్చాడు. బాకీ పూర్తిగా వసూలైందని నాకు మంచిపేరే వచ్చింది.

ఊట తగ్గడానికి బోర్లే కారణమని నేననను. బోర్లు కింద ఉన్నాయి, ఊట పైన ఉంది. పైగా ఒక్క కరువు ఏడాదిని చూసి తీర్పు చెబితే నేను లెక్కలు చదివినవాణ్ణే కాను. కాని అప్పుకాగితాల మీద సంతకం పెట్టిన ఆ రోజుల్లో, ఈ గుట్టకూ ఒక ఖాతా ఉందనీ, దాని నిల్వ ఎవరో ఒకరు చూడాలనీ నాకు తోచలేదు.

"31 మందికేనా సార్?" అని కుర్రవాడు రెండుసార్లు అడిగాడు. తరువాత, "అదే కాగితం మీద రాసియ్యండి. పైన వాన నిలిచేదానికి కందకాలు తవ్వించమని పంచాయతీలో అడగతాను. నోటిమాటైతే వినరు" అన్నాడు.

బండమీద కూర్చుని కన్నడంలో రాశాను. 'ఊట' దగ్గర కలం ఆగింది. ఆ మాట రాస్తే పంచాయతీవాళ్ళు భోజనాల బిల్లు అనుకోగలరు! 'చిలుమె' అని రాశాను. మన చెలమకు తోబుట్టువే. మూడేళ్ళ అంకెలూ వేసి కింద సంతకం పెట్టాను. వాళ్ళ కుటుంబం కాగితం మీద నేను పెట్టిన మూడో సంతకం అది. ఈసారి నీళ్ళు చూసి పెట్టాను.

ప్రతి మే నెలలోనూ వెళ్ళాలనుకుంటున్నాను. క్యాషియరు కూడా వస్తానంటున్నాడు. అన్నం తనే కట్టించుకొస్తాడట.