“నేనే” అంటే ఎవరు?

రండి, నెగడు దగ్గరికి కాస్త జరగండి. ధనుర్మాసంలో నరసన్నపేట చలి మరీ వణికించేదేం కాదు. కబుర్లకి పక్కన మంట ఉండాలి, అంతే.

పొద్దు వాలేవేళ ఊరి మీంచి వెళ్లే చిలకల గుంపుల్ని చూసే ఉంటారు. పగలంతా పొలాల్లోనూ తోటల్లోనూ మేసి, రాత్రికి ఏ పెద్ద చెట్టుకో చేరతాయి. పోతూ పోతూ ఊరంతా ఏకం చేస్తాయి. మొక్కజొన్న చేను కాసేవాణ్ణి అడిగితే “అన్నీ ఒకటే దొంగలు బాబూ, ఏది ఏదో ఏటి గుర్తెడతాం?” అంటాడు. కంకులు పోగొట్టుకున్నవాడు, అననివ్వండి.

చిలకలకి మాత్రం అన్నీ ఒకటి కాదు. ఫోన్ ఎత్తి “ఎవరు?” అంటే అవతల “నేనే” అంటారు చూడండి. పేరు ఉండదు, ఊరు ఉండదు. అయినా మేనత్తో బావమరిదో మనకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ మాట ఎవరైనా అనొచ్చు, గొంతు మాత్రం ఒకరిదే.

చిలకల్లో కూడా అలాంటిది ఉందా అని బార్సిలోనాలో వెతికారు. అక్కడివి మాంక్ పారాకీట్లు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. పంజరాల్లోంచి తప్పించుకుని ఆ ఊళ్లో కాపురం పెట్టాయి. పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. (మన చిలక ఆ శ్రమ పెట్టుకోదు, తొర్ర దొరికితే చాలు.) అక్కడి పక్షులకి ముందే గుర్తులు వేసి ఉండడంతో ఏ అరుపు ఎవరిదో రాసుకునే వీలు కలిగింది. సిమియన్ స్మీలె అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు రెండేళ్లపాటు తిరిగి 229 చిలకల అరుపులు 5,599 పట్టారు. ఫలితం 2023లో అచ్చయింది.

అయిదు రకాల అరుపులు పరీక్షిస్తే మూడింట్లో ఫలానా పక్షిదే అనిపించే ముద్ర కనబడింది. ఒకదాన్నొకటి పిలుచుకునే అరుపు ఉందే, అదీ ఒక్కో పక్షికి ఒక్కోలా ఉంది, కానీ సంతకంలా స్థిరంగా లేదు. సెకన్లలో, నిమిషాల్లో మారిపోతోంది! మరి గుర్తుపట్టడం ఎలా? అరుపు రకం మారినా దాని వెనకాల గొంతు తాలూకు పోలిక కొంత మిగులుతోందిట. అంటే మీ బావమరిది “నేనే” అన్నా, తుమ్మినా, కసురుకున్నా మీకు తెలిసినట్టే, చిలకలకీ తెలిసే వీలుంది. నాకైతే ఈ సంగతి తెలిశాక గుంపు అరుపు గోలగా వినబడటం మానేసింది.

వెనిజులా కథ ఇంకా ముచ్చటైనది. అక్కడ పిడికెడంత చిలకలున్నాయి. కార్ల్ బెర్గ్ అనే పరిశోధకుడి బృందం వాటి గుడ్లను ఒక గూట్లోంచి ఇంకో గూట్లోకి మార్చి చూసింది. పిల్లలు నేర్చుకున్న పిలుపులు కన్నవాళ్లవాటిలా కాక పెంచినవాళ్లవాటిలా వచ్చాయి. 2011 నాటి మాట ఇది. పిలుపు నెత్తుటితో రాదు, పెంపకంతో వస్తుంది. దేవకి కన్నా యశోద పాలు ఎక్కువన్నమాట!

ఇక మన చిలకల సంగతి. 2018లో రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి అయింది. హోదా ఇచ్చాం, సరే. పట్టుకుని పంజరంలో పెట్టడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గుర్తుకోసం బిళ్ల కట్టడానికని మీరూ నేనూ పట్టుకోవడమూ కుదరదు. ఫోన్లో మెర్లిన్ యాప్ ఉంటే అరుపు విని జాతి ఏదో చెబుతుంది, ఆ జాతిలో ఈ పక్షి ఎవరో చెప్పదు. ఆ పని చెవికే వదిలేసింది.

చెవికి పని చెప్పాలంటే గుంపు వెంట పడకండి. సంక్రాంతి దాటాక జోడు కట్టిన చిలకలు చెట్ల తొర్రలు పడతాయి. అలాంటి తొర్ర ఒక్కటి చూసుకోండి. పొదిగేది ఆడది, మేత తెచ్చేది మగది. మెడలో నల్ల, గులాబి పట్టీ ఉన్నది పెద్దయిన మగచిలక కాబట్టి వచ్చిందెవరో కంటితోనూ సరిచూసుకోవచ్చు. వచ్చిన ప్రతిసారీ అది ఏమని అరిచిందో, లోపలిది ఎప్పుడు పలికిందో రాసుకోండి. పక్క తొర్ర తాలూకు మగచిలక అరిచినప్పుడు లోపలిది ఏం చేసిందో కూడా రాయండి. అసలు తేడా అక్కడే దొరుకుతుంది.

ఒక్కటే, ఫోన్లో మగచిలక అరుపు రికార్డు చేసి లోపలున్న ఆడదానికి వినిపించకండి. మగడే వచ్చాడనుకుని గుడ్లు వదిలి బయటికొస్తే, ఆ పాపం మీకెందుకు?