పల్నాటి బాటలో కొసరు, పొరపాటు

సీతాఫలాల కాలంలో పల్నాడు చూడాలని పెద్దలు అంటూ ఉంటారు. ఎండలు తగ్గి, చేలలో మిరప మొక్కలు మోకాలెత్తుకు లేచి, రహదారి ప్రక్కన బుట్టలు వెలిసే రోజులవి. అటువంటి ఒక అక్టోబరు ఉదయం మేము కుటుంబసమేతంగా నరసరావుపేట నుండి మాచర్లకు బయలుదేరాము. మా చెల్లెలి కుమారుని వలీమా విందు ఆ రాత్రికే. వెంట మా శ్రీమతి, పదేళ్ళ మా అబ్బాయి ఉన్నారు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. అయినా బస్సు ఎక్కబోయే ముందు ఏదో ఒకటి కొనుక్కునే పల్లెవాసుల సందడిలో మాత్రం ఈ ఊరు పాత పేటగానే ఉంది. పెళ్ళికుమార్తెకు చీర తీసుకోవడం మరచిపోయామని మా శ్రీమతికి బస్సు ప్రాంగణం దగ్గరకు వచ్చాక గుర్తుకు వచ్చింది. దగ్గరలోని ఒక చిన్న బట్టల దుకాణంలోకి వెళ్ళాము. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు ఓపికగా చీరలు విప్పి చూపించాడు. చీర, రెండు తువాళ్ళు కలిపి 1,180 రూపాయలు అయింది. మూడు అయిదువందల నోట్లు ఇచ్చాము. అతడు బిల్లు, చిల్లర చేతిలో పెట్టాడు. బస్సు కదలబోతున్నదని లెక్క చూసుకోకుండానే జేబులో వేసుకొని పరుగెత్తాము.

పిడుగురాళ్ళ వచ్చేసరికి గాలిలో సున్నపు వాసన తగులుతుంది. ఈ ఊరి సున్నపు బట్టీలు తెలుగునాట పేరు పొందినవి. అక్కడ బస్సు కాసేపు ఆగింది. ఒక వృద్ధురాలు బుట్టలో సీతాఫలాలు పెట్టుకొని అమ్ముతున్నది. డజను అడిగాము. ఆమె పన్నెండు లెక్కించి సంచిలో వేసి, మా అబ్బాయి ముఖం చూసి, మరి రెండు కాయలు ఏరి పైన పెట్టింది. “కొసరు నాయనా, పిల్లవాడికి” అన్నది. ఆమెకు సొమ్ము ఇవ్వడానికి జేబులోని నోట్లు బయటికి తీశాము. 320 రూపాయలు ఉండవలసిన చోట 820 ఉన్నాయి. మూడు నోట్లను నాలుగుగా భావించి ఆ కుర్రవాడు చిల్లర ఇచ్చాడు.

“అబ్బాజాన్, మనకు అదృష్టం కలిసివచ్చింది!” అన్నాడు మా అబ్బాయి. అది మన సొమ్ము కాదని, తిరిగి ఇచ్చివేయాలని చెప్పాము. వాడు కాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న ఇది: “అవ్వ ఎక్కువ ఇచ్చిన రెండు కాయలు తినవచ్చా? అవి తినవచ్చు గాని, దుకాణం అన్న ఎక్కువ ఇచ్చిన డబ్బు మాత్రం తీసుకోకూడదా? రెండూ మనం అడగలేదు కదా!”

పాఠకులు క్షమించాలి. వెంటనే మాకు సరైన సమాధానం తోచలేదు. బస్సు కదిలాక కిటికీ వద్ద కూర్చొని ఆ మాట గురించే ఆలోచించాము.

కొసరు అనేది తెలుగువారి అంగళ్ళలో ఎంతో పాత మర్యాద. కూరగాయలు కొంటే గుప్పెడు కొత్తిమీర, పాలు పోయించుకుంటే చివర ఒక చిన్న ధార, మూర పూలు కొంటే మరొక బెత్తెడు. కొసరు లేని బేరం మన అమ్మమ్మలకు బేరమే కాదు. ఇంట్లో అన్నం పెట్టే తల్లి కూడా కొసరి కొసరి వడ్డిస్తుంది. దీని సంగతి ఇస్లామీయ సంప్రదాయంలోనూ ఉన్నది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో వస్త్రం కొని, అక్కడ కూలికి తూకం వేసే వ్యక్తితో, తూచు, ముల్లు కాస్త మొగ్గేలా తూచు అని చెప్పినట్లు హదీసు గ్రంథాలలో ఉల్లేఖన ఉంది. చెల్లించేవారు ఆయనే, మొగ్గు చూపమన్నది ఎదుటివాని వైపుకే. అప్పు తీర్చినప్పుడు కూడా తీసుకున్న ఒంటెకన్నా మేలైన ఒంటెను ఆయన ఇప్పించారు. తన చేతి నుండి తాను తెలిసి, మనస్ఫూర్తిగా జారవిడిచేదే కొసరు. అవ్వ మా అబ్బాయి ముఖం చూసింది, కాయలు ఏరింది, ఇస్తున్నానని నోటితో చెప్పింది. కుర్రవాడు మాత్రం తాను ఇస్తున్నట్లే ఎరుగడు. అతడు ఎరుగనిది అతని కానుక ఎలా అవుతుంది? అది మా వద్దకు వచ్చిన అమానత్ మాత్రమే.

ఈ మాటను అబ్బాయికి అర్థమయ్యేలా చెప్పాము. వాడు వెంటనే, “అయితే ఫోన్ చేయండి” అన్నాడు. బిల్లు మీద ఉన్న నంబరుకు రెండుసార్లు చేశాము. మోగి మోగి ఆగిపోయింది. ఎలాగూ రేపు ఇదే దారిన తిరిగి వస్తాము కదా, చేతికే ఇద్దామని ఫోన్ జేబులో పెట్టుకున్నాము. అక్కడే మేము పొరపాటు చేశాము.

గురజాల చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ ఒక సంగతి జరిగింది. దిగిపోయిన ఒక ముసలి రైతు వెనుక మా బస్సు కండక్టరు కేకలు వేస్తూ పరుగెత్తాడు. రైతు టిక్కెట్టు వెనుక వ్రాసి ఇచ్చిన ముప్ఫయి రూపాయల బాకీ తీసుకోకుండానే దిగిపోయాడట. బస్సులో చిల్లర లేనప్పుడు కండక్టర్లు టిక్కెట్టు వెనుక అంకె వేసి ఇవ్వడం మనమందరం ఎరిగినదే. మరచిపోయిన ప్రయాణికుని సొమ్ము ఆ రోజు కండక్టరు సంచిలో అదనంగా మిగులుతుంది, అడిగేవారు ఉండరు. లెక్క తక్కువైతే మాత్రం అతడే కట్టుకోవాలి. రైతు ఆ నోట్లను రుమాలులో మూట కట్టుకొని కండక్టరు చేయి పట్టుకొని ఏదో అన్నాడు. మాకు వినబడలేదు.

ఈ గురజాల, మేము వెళ్ళే మాచర్ల, రెండూ పల్నాటి వీరగాథలోని రాజధానులు. 12వ శతాబ్దంలో నలగామరాజు గురజాలను, మలిదేవుడు మాచర్లను ఏలారని ఆ గాథ చెబుతుంది. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేళ్ళు ఊరు విడిచిపోయింది. నాగమ్మ యుక్తి, బ్రహ్మనాయుడి పౌరుషం, బాలచంద్రుడి పరాక్రమం గురించి అందరూ చెబుతారు గాని, మా దృష్టి ఎప్పుడూ ఆ తరువాతి ఘట్టం మీదనే నిలుస్తుంది. గడువు తీరిన పిమ్మట మా భాగం మాకు తిరిగి ఇవ్వండని అలరాజు రాయబారిగా వచ్చాడు. చేతిలో ఉన్నది పరులదని తెలిసి కూడా గురజాల ఇవ్వలేదు. రాయబారి బ్రతికి తిరిగి వెళ్ళలేదు. నాగులేటి ఒడ్డున కారంపూడి యుద్ధభూమి అయింది. అక్కడి వీరుల గుడి వద్ద ఏటా కార్తీకంలో ఆ మరణించినవారిని ఇప్పటికీ తలచుకుంటారు.

రెంటచింతల దాటుతుండగా అక్టోబరులోనూ ఎండ చురుక్కుమన్నది. వేసవిలో రాష్ట్రంలోని అత్యధిక ఉష్ణోగ్రతల వార్తలలో ఈ ఊరి పేరు తరచు వినబడుతుంది. రెండు వైపులా మిరప, ప్రత్తి చేలు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన తరువాత ఈ మెట్టనేల చాలావరకు రూపు మార్చుకున్నది. ఎర్రని మిర్చి టిక్కీలు ఇక్కడి నుండే గుంటూరు యార్డుకు వెళతాయి. కాటా దగ్గర తరుగు పేరిట తీసివేసే కిలోల గురించి రైతులు చెప్పే బాధ ఈ ప్రాంతంలో ఏ అరుగు మీద కూర్చున్నా వినవచ్చు. అంగడిలో కొసరు ఇచ్చే నేల మీదనే కాటాలో తరుగు తీసే చేయి కూడా ఉన్నది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా ఆరంభమవుతుంది. దాని పేరే ‘ముతఫ్ఫిఫీన్’, అంటే కొలతలో కొద్దికొద్దిగా కాజేసేవారు. పెద్ద దోపిడీలు చేసేవారి గురించి కాదు ఆ పేరు. చిటికెడు, గుప్పెడు గురించి.

ఇక్కడ మా స్వంత సంగతి ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం మేము ఈ జిల్లాలోనే ఒక చిన్న ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళం. సరుకులు ఇచ్చే వృద్ధుడు ఒకాయన కాగితం ముక్క మీద పెన్సిలుతో కూడికలు వేసేవారు. ఒక నెల ఆ కూడికలో వందల స్థానంలో ఒకటి కలపడం మరచిపోయారు. ఇంటికి వచ్చి చూసుకొని, రేపు ఇద్దామని అనుకున్నాము. ఆ రేపు వారమై, నెలయై, మేము మరొక ఊరికి బదిలీ కావడంతో ముగిసింది. రెండేళ్ళ తరువాత వెళ్ళి చూస్తే దుకాణం మూసి ఉన్నది. ఆయన మరణించారు, పిల్లలు ఎక్కడికో వెళ్ళిపోయారు, చిరునామా ఎవరికీ తెలియదు. ఆలిములను అడిగి, ఆ సొమ్మును ఆయన పేరిట దానం చేశాము. అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) ఒక కొనుగోలులో సొమ్ము చెల్లించేలోపే అమ్మినవాడు కనిపించకుండా పోతే, ఏడాది వెదికించి, చివరికి ఆ పైకాన్ని అతని తరఫున పేదలకు పంచిపెట్టారని, అతడు వచ్చి కాదంటే తిరిగి తానే చెల్లించుకుంటానన్నారని వారు మాకు చెప్పారు. వంద రూపాయలే కదా అని పాఠకులు అనవచ్చు. ఆయన వెదికారు, మేము వెదకలేదు. ఆ తేడా దానంతో పూడలేదు.

ఇంత తెలిసి ఉండి కూడా, మాచర్లలో బంధువులు ఎదురై, చంద్రవంక గట్టున ఉన్న వారి ఇంట్లో పలకరింపులు, పులావు, పిల్లల అల్లరి మొదలయ్యాక మేము మళ్ళీ ఫోన్ సంగతి మరచిపోయాము. విందులో ఒక పెద్దాయన వధూవరులను దీవిస్తూ బంగారు కూజా వృత్తాంతం చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు అది. ఒకడు నేల కొని అందులో బంగారు కూజా కనుగొంటాడు. నేను కొన్నది నేలనే, బంగారం నీది అంటాడు. నేలతో పాటు అందులోనిదంతా అమ్మాను, నీదే అంటాడు రెండవవాడు. తగవు తీర్చినవాడు, ఒకరికి కుమారుడు, మరొకరికి కుమార్తె ఉన్నారని తెలుసుకొని, ఆ ఇద్దరికీ పెళ్ళి చేసి, ఆ బంగారాన్ని వారికోసం ఖర్చు పెట్టి, దానం చేయమంటాడు. అందరూ మాషా అల్లాహ్ అన్నారు. మా అబ్బాయి మాత్రం మా చొక్కా అంచు పట్టుకొని లాగాడు. “ఫోన్ చేశారా?”

అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. ఈసారి యజమాని ఎత్తాడు. సంగతి చెప్పి, అతడు చెప్పిన నంబరుకు అయిదువందలు వెంటనే పంపించాము. డబ్బు అందిందని చెప్పి, కృతజ్ఞతలు తెలిపి, కాసేపు ఆగి అన్నాడు: “గల్లా కట్టేటప్పుడు అయిదువందలు తగ్గాయండీ. వాడే తీశాడనుకున్నాను. రేపటి నుండి రావద్దని చెప్పి పంపించాను.”

ఇప్పుడే కబురు చేయమని బ్రతిమాలాము. కుర్రవాడికి ఫోన్ లేదు, ఊరు కాస్త దూరం, రేపు చూద్దామన్నాడు. సొమ్ము క్షణంలో చేరింది. ఆ కుర్రవాడి మాట మాత్రం ఆ రాత్రికి ఆ పల్లెకు చేరే దారి లేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను కూడా పొరపాటున అందిన సొమ్మును తిరిగి ఇవ్వాలనే చెబుతుంది. కాని ఉదయం పదకొండు నుండి రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒకరి మీద పడి ఉన్న దొంగ అనే పేరును ఎలా తిరిగి ఇవ్వాలో ఏ సెక్షను చెబుతుంది? మా శ్రీమతి ఆ రాత్రి మాతో ఎక్కువ మాట్లాడలేదు.

మరునాడు ఫజర్ నమాజు చేసుకొని తొలి బస్సుకే బయలుదేరాము. నరసరావుపేటలో దిగి నేరుగా దుకాణానికి వెళ్ళాము. మెట్టు మీద ఆ కుర్రవాడు, ప్రక్కన తల్లి కూర్చొని ఉన్నారు. ఆమె బ్రతిమాలడానికి వచ్చింది. యజమాని ఇంకా తాళం తీస్తూనే ఉన్నాడు. వారందరి ఎదుట మేము జరిగినది మొదటి నుండి చెప్పాము. మూడు నోట్లు ఇచ్చామని, నాలుగింటికి చిల్లర వచ్చిందని, అది పిడుగురాళ్ళలోనే తెలిసినా రాత్రి దాకా మాట చేరవేయని తప్పు మాదేనని చెప్పాము. యజమాని కుర్రవాడి భుజం మీద చేయి వేసి, “లోపలికి పో, ఊడ్చు” అని మాత్రం అన్నాడు. ఆ మాటలో క్షమాపణ ఉన్నదో లేదో మాకు తెలియదు.

తల్లి లేచి కొంగుతో ముఖం తుడుచుకున్నది. “రాత్రి వాడు అన్నం ముట్టలేదు బాబూ. నేను కూడా వాణ్ణి అడిగాను, తీశావా అని” అన్నది.

కుర్రవాడు చీపురు పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా అబ్బాయి సంచిలో చేయి పెట్టి, ముందు రోజు అవ్వ ఇచ్చిన కొసరు కాయలు రెండూ తీసి అతని చేతిలో పెట్టాడు. అప్పటికి అవి బాగా మగ్గాయి.