బూజు దులిపే పని

పచ్చడి జాడీలో పట్టేదీ బూజే, ఇంటి మూలల్లో సాలీడు అల్లేదీ బూజే. మా మరిదికి గుండె మార్చాక ఆ రెండింటినీ ఒకే కంటితో చూడటం నేర్చుకున్నాను.

గుండె మార్పిడి మనకు మరీ కొత్త కాదు. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనే డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే గారి బృందం చేసింది. ఆపరేషన్ సంగతి పేపర్లో వస్తుంది. తర్వాత ఇంట్లో ఆడవాళ్లు పడే పాట్లు రావు.

కొత్త గుండెను ఒళ్లు పరాయిదనుకుని తిరగబడుతుంది. అలా జరగకుండా టాక్రోలిమస్ లాంటి మందులు జీవితాంతం వాడాలి. అవి గుండెను కాపాడతాయి గానీ ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని తగ్గిస్తాయి. అప్పుడు మనందరం రోజూ పీల్చేసే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో పాతుకుపోవచ్చు, మెదడుకూ పాకవచ్చు. 2021లో కరోనా వెనకాలే వచ్చిన బ్లాక్ ఫంగస్ కూడా ఇలాంటి మరో బూజే. ఆపరేషనైన తొలి నెలల్లో ప్రమాదం ఎక్కువ.

ఈ బూజు ఉండేదెక్కడ? తడి గోడలు, పాత గడ్డివాము, పేడదిబ్బ, తవ్విన మట్టి, ముక్కిన గింజలు. మా మార్కాపురం వైపు రైతు ఇంట్లో ఇవి లేని మూల ఏది? గొడ్ల చావిడి వద్దన్నాం. ఇల్లు ఊడ్చడం మాని తడిగుడ్డతో తుడిచాం. బూజు దులిపే రోజు అతన్ని పక్కింట్లో కూర్చోబెట్టాం.

"మిరప కల్లంలోకి పోని రైతు రైతేనా వదినా?" అన్నాడు. ఏం చెప్పను? ఆ గుండె ఎవరిదో మాకు తెలియదు. ఏ తల్లో ఏడుస్తూనే సంతకం పెట్టి ఉంటుంది. ఆమె కోసమైనా ఆగమన్నాను.

నాలుగో నెలలో పొడిదగ్గు మొదలైంది. జ్వరం లేదు. ఆ మందుల వల్ల జ్వరం పైకి కనపడకపోవచ్చట. మెడికల్ షాపులో సిరప్ తెద్దామని అందరూ అంటుంటే, మా తోడికోడలు ఒప్పుకోక ఆసుపత్రికి ఫోన్ చేసింది. స్కానింగులో ఊపిరితిత్తిలో మచ్చ కనిపించింది. పరీక్షల్లో బూజేనని తేలింది. వోరికొనజోల్ మొదలుపెట్టారు. అది వేసుకుంటే టాక్రోలిమస్ రక్తంలో పెరిగిపోతుందట. అందుకే దాని మోతాదు తగ్గించి, మాటిమాటికీ రక్తం పరీక్ష చేశారు. నెలలు పట్టింది గానీ మనిషి దక్కాడు.

మీ ఇంట్లోగానీ, చుట్టాల్లోగానీ ఇలాంటివాళ్లుంటే చిన్న దగ్గునైనా తేలిగ్గా తీసుకోకండి. సొంతంగా ఏ మందూ వేయకండి, భయపడి ఉన్న మందూ ఆపకండి.

మా మరిది ఇప్పుడు కల్లం లెక్కలు ఫోన్లోనే చూస్తున్నాడు. కూలీల మీద అరిచే గొంతు మాత్రం మునుపటిదే.