మా మేనత్తయు, మా మోటారును

మా కారు పూర్తిగా చెడిపోయినచో మేమింత బాధపడియుండము. బాగుచేయువాని యింటికి పంపి, అతడడిగిన సొమ్మిచ్చి తెచ్చుకొని యుందుము. వైద్యుని ముఖము చూడగనే దిగిపోవు జ్వరమువలె, అది పదిమార్లు సరిగా నడచి పదునొకండవమారు మొరాయించుటచేతనే చిక్కంతయు వచ్చినది.

మార్కాపురమున ఉపాధ్యాయులమై యున్న మాకు పాతికేండ్లు నిండిన చిన్నకారొకటి గలదు. అంతకు మించిన వాహనము మాకవసరమును గాదు, అందుకు తగిన తాహతును లేదు. తెల్లవారి తాళము త్రిప్పిన తోడనే ఇంజను లేచును. బడికి గొనిపోయి సాయంకాలము ఇల్లు చేర్చును. అట్టి దానికి ఒక వేసవిలో జబ్బు పట్టినది. దారిలో ఎక్కడనో ఆపి మరల తాళము త్రిప్పగా, లోపల 'టక్కు'మని చిన్న చప్పుడగును, అంతే. దీపములు వెలుగును, హారను మ్రోగును, ఇంజను మాత్రము తిరుగదు. నలుగురు చేరి త్రోసి, రెండవ గేరులో వేసినచో వెంటనే అందుకొనును. త్రోయువారు దొరకక ముప్పావుగంట కూర్చుంటిమా, తనంతట తానే బాగుపడును. మెకానిక్కు వచ్చునప్పటికి ఏమియు నెరుగనట్లు నిలిచియుండును.

"సెల్ఫ్ బ్రహ్మాండంగా ఉంది సార్. మీరే తాళం సరిగ్గా తిప్పలేదేమో" అని ఆతడనెను. రెండవమారు బ్యాటరీ మార్చవలెననెను, మార్చితిమి. మూడవమారు స్టార్టరును విప్పి అరిగిన బ్రష్షులు మార్చెను. నాలుగవమారు డబ్బేమియు పుచ్చుకొనక, నిమ్మకాయయు మిరపకాయలును దారమున గ్రుచ్చి ముందు వ్రేలాడగట్టి, "ఇది కూడా చూద్దాం సార్" అనెను. ఆతనిపై మాకు కోపము లేదు. తన కంటి యెదుట కనబడని రోగమునకు ఎవడు మాత్రమేమి చేయగలడు?

మా చిన్నతనమున గిద్దలూరు బస్టాండు నొద్ద అంబాసిడరు అద్దెకారులుండెడివి. సెల్ఫు పనిచేయనప్పుడు డ్రైవరు వంకర ఇనుపకడ్డీ నొకదానిని ముందునుండి దూర్చి గిరగిర త్రిప్పెడివాడు. కడ్డీ వెనుకకు తన్నినచో ముంజేయి విరుగుట అరుదు కాదు. ఆ బాధ తప్పించుటకే అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ విద్యుత్ స్టార్టరును సిద్ధము చేయగా, 1912 నాటి కాడిలాక్ కారులకు దానిని అమర్చిరి. మా కారునకు కడ్డీ దూర్చు రంధ్రమైనను లేదు.

ఇక మా మేనత్తను గూర్చి చెప్పవలెను. ఆమె ఇరువదిరెండవ యేట భర్తను గోల్పోయి పుట్టింటికి వచ్చినది. మమ్ము పెంచినది ఆమెయే. మాకు అక్షరములు దిద్దించినదియు ఆమెయే. నెలకొకసారి గిద్దలూరిలో నున్న మా పినతండ్రిగారిని చూచి వచ్చుట ఆమెకు వ్రతము వంటిది. అరువది కిలోమీటర్లకు పైబడిన దారి; ఆమెకు మోకాళ్ళ నొప్పులు. దాదాపు నడుమనున్న కంభములో దిగి, పావుగంట అటునిటు నడచి, టీ త్రాగిన గాని ఆ కాళ్ళు కదలవు. ఆమె తిరిగి వచ్చి కూర్చుండును, మేము తాళము త్రిప్పుదుము, 'టక్కు'మనును.

ఈ సంగతిని మొదట పరిహాసముగా అన్నది ఎవరో జ్ఞాపకము లేదు. బండి త్రోయుచు చెమట తుడుచుకొనుచున్న బంధువొకాయన "అత్త ఎక్కిన రోజే దీనికి మూర్ఛ వస్తుంది" అని నవ్వినట్లు జ్ఞాపకము. మరుసటి నెల మరల అట్లే యైనది. ఈసారి ఎవరును నవ్వలేదు. పిమ్మట మా యింటి పిల్ల నిశ్చితార్థమునకు గిద్దలూరు పోవలసి వచ్చినప్పుడు, శుభకార్యము గదా, దారిలో ఆటంకము కలుగరాదని పెద్దలు ఫోనులో సూచించిరి. వారి సూచన మాకర్థమైనది. "ఇదేమి మాట" అని మేమనియుండవలసినది. అనలేదు.

"అత్తా, కార్లో కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. బస్సులో అయితే చాపుకోవచ్చు" అంటిమి.

ఆమె మా ముఖము వంక ఒక నిమిషము చూచి, "నేనూ అదే అనుకుంటున్నాలే నాయనా" అనినది.

బస్సులో ఆమెకు చోటు దొరకలేదు. కంభము వరకు నిలుచుండి వచ్చినది. మేమేమో ఎక్కడను ఆపకుండ గిద్దలూరు చేరితిమి. కారు ఒక్కమారైనను మొరాయించలేదు. బంధువులకు కావలసిన సాక్ష్యము దొరికినది. ఆ రాత్రి మోకాళ్ళకు నూనె రాచుకొనుచు ఆమె, "ఇకమీద నేను బస్సులోనే వస్తాలే. బండి బాగుంటే చాలు" అనెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన వితంతు వివాహమును గూర్చి ఏటేట పిల్లలకు చెప్పుచున్న నోరు మాది. ఆ రాత్రి ఆ నోట మాట రాలేదు.

మా గృహిణి మాత్రము ఊరకుండలేదు. "ఏమండీ, పిల్లలకు రోజూ హాజరు వేస్తారు గదా. దానికీ వేయండి. ఏ రోజు పలికిందో, ఏ రోజు పలకలేదో రాయండి" అనినది. పలకలకు మా యూరు పేరుపడినది. ఇంట పలకకు కొదువ లేదు. గడచిన మూడునెలల ప్రయాణములను ఇద్దరమును జ్ఞాపకము చేసికొని, పెట్రోలు చీటీల సాయముతో గళ్ళు గీసి వ్రాసితిమి. ఎవరెక్కిరి, ఎంతదూరము పోయినది, ఎంతసేపు ఆగినది, ఇంజను లేచినదా లేదా అనునవి ఆ గళ్ళు. ప్రయాణములు 14. మొరాయించినవి 6. అందు అత్త యున్నవి 5.

ఇంతవరకు బంధువుల మాటయే నెగ్గినట్లు తోచును. కాని ఆరవది? స్టేషను దారిలో ఒక పలకల అంగడి యెదుట పావుగంట ఆగినప్పుడు మేమొంటరిగా నున్నను కారు కదలలేదు. కూలీలు త్రోసిరి. ఆ దినమును మేము పూర్తిగా మరచియుంటిమి! అత్త యున్న దినములు అయిదును మాత్రము గంటతో సహా జ్ఞాపకమున్నవి. మరియొక గడిలో అత్త యుండియు కారు మొరాయించలేదు. ఆ దినమున విజయనగర రాజుల నాటి కంభము చెరువుకట్టపై రెండుగంటలు కూర్చుంటిమి.

తర్కము చదువునప్పుడు గురువుగారు మాకొక ఉదాహరణమును వల్లె వేయించిరి. పొగ యున్నచోట నిప్పున్నదనుట సరియే గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండుననుట తప్పు. కాలిన ఇనుములో నిప్పున్నది, పొగ లేదు. పొగకు కారణము నిప్పుతో చేరిన తడికట్టె. ఆ తడికట్టెను తార్కికులు 'ఉపాధి' యనిరి. హేతువు ప్రక్కన దాగియుండి, పని తాను చేసి, పేరు దానికి తెచ్చునది ఉపాధి. అత్త యున్నచోట మొరాయింపు ఉండుననుటకు 'వ్యభిచారము' కనబడినది (తర్కములో ఈ మాటకు నియమము తప్పుట యని మాత్రమే అర్థము, చదువరులు తొందరపడకుందురు గాక). మరి ఉపాధి యేది? పలకపై మూడవ గడి చూడుడు. మొరాయించిన ఆరుమార్లును కారు వేడెక్కిన పిమ్మట పది మొదలు ఇరువది నిమిషములు ఆగినది. ఆ ఆగుట అత్త మోకాళ్ళ కొరకు. అంతే.

మరునాటి ఆదివారము మధ్యాహ్నము ఒంటరిగా కంభము వరకు పోయి, అదే టీ అంగడి యెదుట ఆపి, పావుగంట కూర్చుండి తాళము త్రిప్పితిమి. 'టక్కు'మనినది, ఇంజను తిరుగలేదు. కారు కదలనందుకు సంతోషించుట మా జన్మలో అదే మొదటిసారి. టీ అంగడివాడు మమ్ము జాలిగా చూచెను.

ఇక యంత్రమును నిదానముగా ప్రశ్నించుటకు వీలు చిక్కినది. త్రోసిన వెంటనే అందుకొనుచున్నదిగాన పెట్రోలునందును నిప్పురవ్వయందును దోషము లేదు. దీపములు మందగించుటలేదుగాన బ్యాటరీయందును లేదు. స్టార్టరుపై సోలినాయిడ్ అను తీగచుట్ట యొకటి యుండును. తాళము త్రిప్పగా అది ఇనుపముక్క నొకదానిని లోనికి లాగి, స్టార్టరునకు బ్యాటరీని కలుపును. ముందుగానే మల్టీమీటరును కొని యుంచితిమి. టీ అంగడివానిని బతిమాలి తాళము త్రిప్పించి, బానెట్టు క్రింద కొలిచితిమి. బ్యాటరీ యొద్ద 12.4 వోల్టులు, సోలినాయిడ్‌కు పోవు సన్నని తీగ చివర 8 వోల్టులు! తక్కినది దారిలో హరించినది.

ఓము సూత్రమును పిల్లలకు చెప్పుచు మేమీ సంగతిని ఏనాడును ఊహింపలేదు. ఇరువది ఆంపియర్ల ప్రవాహమునకు 0.2 ఓముల నిరోధము అడ్డుపడినచో 4 వోల్టులు నశించును. అర ఆంపియరుకు అదే నిరోధము 0.1 వోల్టును మాత్రమే హరించును. మెకానిక్కు ఆ తీగను ఊడదీసి చిన్న పరీక్షదీపమునకు తగిలించినప్పుడు అది చక్కగా వెలుగుటకు కారణమిదియే. దీపము అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్న చిన్నది. ఓము సైతము కొలోనులో బడిపంతులే. 1827లో ఆయన గ్రంథము వెలువడగా స్వదేశమున ఆదరింపక పోయిరి. లండనులోని రాయల్ సొసైటీవారు 1841లో కాప్లీ పతకమిచ్చిరి.

వేడికిని దీనికిని సంబంధమేమి? రాగితీగ వేడెక్కినకొలది ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతము నిరోధము పెరుగును. అరువది డిగ్రీలు హెచ్చినచో దాదాపు నాలుగవవంతు. ఇంజను ఆగగనే నీటి ప్రసారమును పంకాయును ఆగును. లోపలి వేడి బయటి భాగముల కెక్కును. కనుక నిలిపిన తరువాతి పావుగంటయే బానెట్టు క్రింద మిక్కిలి వేడి. చల్లగా నున్న సోలినాయిడ్ 8 వోల్టులతోనే ఎట్లో నెట్టుకొని వచ్చుచుండెను. వేడెక్కినప్పుడు దానికి బలము చాలలేదు. మా ప్రాంతపు మేనెల యెండ తన వంతు సాయము తాను చేసినది.

చిలుము పట్టి పచ్చబడిన తీగ కొసను కోసి క్రొత్త కొక్కెము వేయించితిమి. బ్యాటరీ నుండి సోలినాయిడ్‌కు లావు తీగ నొకదానిని ఫ్యూజుతో నేరుగా తెచ్చి, నడుమ రిలే పెట్టించితిమి. తాళము ఇక రిలేకు సైగ చేయును. బరువు మోయునది లావు తీగ. మెకానిక్కే ఈ పని చేసి, మీటరులో 11.8 చూచి, "ఇన్నాళ్ళూ దీన్ని బల్బుతోనే చూశాను సార్" అనెను. మూడువందల రూపాయలైనను కాలేదు. నిమ్మకాయను మేమే తెంపితిమి. బంధువులకు పలక చూపగా, కారు బాగైనందుకు సంతోషించి, నిమ్మకాయ తీసినందుకు భయపడిరి.

అత్తకు పలక చూపి లెక్కయంతయు చెప్పి, బస్సు విషయమున మేమాడినది అబద్ధమనియు చెప్పితిమి. ఆమె పలకను చాలసేపు చూచి, "రాత మాత్రం ఇంకా కుదరలేదురా నీకు" అనెను.

ఆ నెలలో గిద్దలూరు బయలుదేరితిమి. కంభములో మధ్యాహ్నపు టెండలో దిగి, నడచి, టీ త్రాగి వచ్చినది. కారు తలుపు పట్టుకొని నిలుచుండి, "ముందు నువ్వు స్టార్ట్ చెయ్ నాయనా, తర్వాత ఎక్కుతా" అనినది.

"నువ్వు ఎక్కితే గాని తాళం తిప్పను" అంటిమి.

ఎక్కినది. తాళము త్రిప్పితిమి. ఇంజను లేచినది. టీ అంగడివాడు లోపలినుండి తొంగిచూచెను. అత్త అద్దము దించుకొని, కాళ్ళు చాపుకొనుటకు చోటు చాలలేదు, సీటు కొంచెము వెనుకకు జరుపుమనెను.