విశాఖలో రెండు రోజులు – మా పెదనాన్న

"సావనీరుకి ఏదైనా రాయండి మాస్టారూ, కాస్త సరదాగా ఉండాలి" అని విద్యార్థి సంఘం కుర్రాళ్ళు వచ్చి అడిగినప్పుడు నాకు ముందు భయం వేసింది. రాళ్ళూ ఇసకా తప్ప మరోటి తెలియని జియాలజీ వాణ్ణి. సరదాకీ నాకూ ఆమడ దూరమని నా క్లాసులో కునుకు తీసిన వాళ్ళందరికీ తెలుసు. నా మొహం చూసి వాళ్ళలో ఒకడు జాలిపడి, "పోనీ, విశాఖపట్నం చూడ్డానికొచ్చేవాళ్ళకి పనికొచ్చేదేమైనా రాయండి" అన్నాడు. ఆ విషయంలో మాత్రం నాకు అర్హత ఉంది. 1985లో ఎమ్మెస్సీలో చేరడానికి రేకు పెట్టెతో వాల్తేరు స్టేషన్లో దిగిన నాటి నుంచి నేటి వరకూ మా ఊరి వాళ్ళకీ, మా ఆవిడ ఊరి వాళ్ళకీ, ఆ రెండు ఊళ్ళ మధ్య వాళ్ళకీ నేనే గైడుని.

విశాఖలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత ఉండదు. ఆస్పత్రి పని మీద వచ్చినవాడూ, పరీక్ష రాయడానికొచ్చినవాడూ, సింహాచలం మొక్కు తీర్చుకోడానికొచ్చినవాడూ చివరికి చెప్పేది ఒక్కటే: "ఎలాగూ వచ్చేం కదా, ఓ రెండు రోజులుండి అన్నీ చూసి వెళ్తాం." ఈ 'అన్నీ' అనే మాటకి నా దగ్గర ఒక అచ్చు ఉంది. మొదటి రోజు పొద్దున్న ఎండెక్కక ముందే సబ్‌మెరైను, రోడ్డు దాటి విమానం, మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చి, సాయంత్రం కైలాసగిరి. రెండో రోజు భీమిలి రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, తిరిగొచ్చి రామకృష్ణా బీచిలో మురీ మిక్చరు. పిల్లలుంటే జూ. అరకు అడిగితే మాత్రం, "రైలుకి తెల్లారగట్ల నాలుగింటికి లేవాలి" అని చెప్తాను. చాలామంది అక్కడితో ఊరుకుంటారు.

ఈ ఏర్పాటంతా పోయిన సంక్రాంతి వెళ్ళాక మా పెదనాన్న వచ్చినప్పుడు తలకిందులయింది.

ఆయనకి డెబ్బయ్యైదు దాటేయి. బొబ్బిలి దగ్గర పల్లెటూరు. పదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చేడు. మనవడికి సబ్‌మెరైను చూడాలని ఉంది. పెదనాన్నకి ఏం చూడాలనుందో అడగాలన్న ఆలోచన, సిగ్గుపడుతూ చెప్తున్నాను, నాకు రాలేదు. పెద్దవాళ్ళకి గుడి చూపిస్తే చాలనుకునే రకం నేను.

సబ్‌మెరైను దగ్గర మొదలుపెట్టేం. కురుసుర 1969లో మన నావికాదళంలో చేరింది, 2001లో కొలువు చాలించింది, 2002 నుంచి బీచిలో ఒడ్డున కూర్చుని జనాన్ని కడుపులోకి రానిస్తోంది. తొంభై ఒక్క మీటర్ల పొడవు. లోపల నడవాలంటే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. నావికాదళంలో పనిచేసి రిటైరైన వాళ్ళే అక్కడ చూపిస్తారు. అది ఆ మ్యూజియానికి నిజమైన సొగసు. పుస్తకం చదివి చెప్పే మాట వేరు, ఒంటికి డీజిలు వాసన పట్టినవాడు చెప్పే మాట వేరు. ఇరవై రెండు టార్పెడోలు పట్టేవని ఆయన చెప్తూంటే మనవడు నోరు తెరిచి వింటున్నాడు. పెదనాన్న మాత్రం ఒకదాని మీద ఒకటి బిగించిన పడక బల్లల దగ్గర ఆగిపోయేడు.

"ఇందల ఎంతమంది పడుకునీవోరు బాబూ?"

"డెబ్బయి మంది పైనే ఉండేవారు తాతగారూ. మంచాలు వంతుల మీద."

"మా షెడ్డూ ఇంతే" అన్నాడు పెదనాన్న. "నలభై మందిమి. ఒకడు లేస్తే ఇంకొకడు తొంగునీవోడు."

ఏ షెడ్డు అని నేను అడిగే లోపల వెనకనున్న వాళ్ళు తోసేరు. కంతలోంచి దూరడంలో ఆ మాట జారిపోయింది.

బయటికొచ్చి రోడ్డు దాటి టీయూ-142 విమానం కూడా చూసేం. 2017లో అది ఎగరడం మానేసేక ఇక్కడికి తెచ్చి పెట్టేరు. అంత పెద్ద పక్షిని చూసేక పదేళ్ళ పిల్లవాడికి సబ్‌మెరైను చిన్నదైపోయింది, అది వేరే సంగతి. మళ్ళీ బీచి వైపొచ్చి గోడ మీద కూర్చున్నాం. అక్కడ ఒకచోట కెరటాలు నేలని కోసుకుపోతే ఒడ్డుకి బండరాళ్ళు పోసి ఉన్నాయి. పెదనాన్న వాటికేసి చాలాసేపు చూసి, "ఇక్కడ ఇసక ఉండీదిరా. బోల్డంత ఉండీది. ఏటయిపోయింది?" అన్నాడు.

ఈయన ఇక్కడి ఇసక ఎప్పుడు చూసేడా అనుకుంటూనే, "తుఫాన్లు పెదనాన్నా. 2014లో హుద్‌హుద్ వచ్చింది కదా" అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు.

మా అమ్మాయి మాతోనే ఉంది. తండ్రి క్లాసులో చెప్పేది ఇంట్లో వినీ వినీ విసిగిపోయిన పిల్ల. "అదొక్కటే కాదు తాతయ్యా! హార్బరుకి రాళ్ళ కట్టలు కట్టేరు కదా, అవి ఇసక రాకుండా ఆపేస్తాయి. నాన్నగారు ముప్ఫయ్యేళ్ళ నుంచీ అదే పాఠం చెప్తున్నారు" అంది.

పెదనాన్న నా వైపు చూసేడు. "ఏ కట్టరా? డాల్ఫిన్ ముక్కు కాడ కట్టిందేనా?"

"అవును."

"అది మేం కట్టిందే."

ఆయన 1972 నుంచి మూడేళ్ళు ఇక్కడ పనిచేసేడట. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా "అన్నయ్య అప్పట్లో పట్నంలో కూలికెళ్ళేడు" అన్నంత వరకే తెలుసు. బయటి హార్బరు పని అది. క్వారీలో రాళ్ళు లారీలకెక్కించడం, తర్వాత్తర్వాత నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మలు పోతపోసే చోట కాంక్రీటు మొయ్యడం. ఆ డబ్బులతోనే మా నాన్నని టీచర్ ట్రెయినింగులో చేర్పించేడు. మా నాన్న మేష్టరు కాబట్టి నేను చదువుకున్నాను. చదువుకున్నాను కాబట్టి ఆ కట్ట వల్ల బీచి ఎలా కోసుకుపోతోందో నల్లబల్ల మీద బొమ్మ వేసి బాణం గుర్తులు పెడుతున్నాను. ఈ లెక్క ఆ గోడ మీద కూర్చుని చేసుకున్నప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

సాయంత్రం కైలాసగిరి వెళ్ళేం. రోప్‌వే ఎక్కేం. తెల్లటి శివపార్వతుల ముందు ఫొటోలు దిగేం. పిల్లవాడు బుల్లి రైలెక్కేడు. దక్షిణం వైపు చూస్తే బీచి అంతా కొడవలిలా వంగి, దాని చివర డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి మూతి పెట్టి కనిపిస్తుంది. ఊరు మొత్తం మీద ఇంత అందమైన దృశ్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం. పెదనాన్న కూడా అదే చూస్తున్నాడు, కాని అందం కోసం కాదు. "ఇక్కణ్ణించి అవుపడ్డంలేదు" అన్నాడు.

మర్నాటి భీమిలి కార్యక్రమం సగంలో ఆగింది. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు వాన నీళ్ళు నిలవ చేసుకోడానికి రాతిలో తొలిచిన తొట్లు చూసి మాత్రం ఆయన సంతోషించేడు. కొండకి ఆ పేరొచ్చింది ఆ తొట్ల వల్లనే. "తిండి సంగతెలాగున్నా నీళ్ళకి లోటు నేకుండా సూసుకున్నారు" అన్నాడు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వేల ఏళ్ళ చరిత్ర నేను అరగంట చెప్పేక, "ఇటికలకి పనికొస్తాదేటి?" అని ఒకే ప్రశ్న వేసేడు. ఆ తర్వాత కారెక్కి, "ఇంక సాల్లేరా. ఆ కట్ట సూపించు" అన్నాడు.

అడిగినంత సులువు కాదు. హార్బరు లోపలికి ఎవరంటే వాళ్ళు వెళ్ళడానికి వీల్లేదు. అందుకని పాత ఊళ్ళోకి, రాస్ కొండకి తీసుకెళ్ళేను. విశాఖ చూడ్డానికొచ్చేవాళ్ళలో ఇటు వచ్చేవాళ్ళు తక్కువ, నా మట్టుకు నేను ముందు ఇక్కడికే రమ్మంటాను. ఓడలు లోపలికొచ్చే కాలవ పక్కన మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. ఆ సందులోంచి పెద్ద ఓడ ఒకటి టగ్గుల వెనకాల మెల్లగా లోపలికొస్తూంటే, ఊరి వీధిలోంచి మేడ ఒకటి నడిచి వెళ్తున్నట్టుంటుంది. దీనికి టిక్కెట్టు లేదు. ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. అదృష్టం బాగుంటే కనిపిస్తుంది.

మాకు ఓడ కనిపించలేదు. కట్ట కనిపించింది. డాల్ఫిన్స్ నోస్ మొదట్నుంచి సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లటి గీత. దాని అంచున తెల్లగా నురుగు లేచి పడుతోంది.

పెదనాన్న మెట్టు మీద కూర్చున్నాడు. "సెప్పు. నీ పాటం నాకూ సెప్పు" అన్నాడు.

చెప్పేను. మన తీరం మీద ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తగుల్తాయి. ఆ తోపుకి ఇసక మెల్లమెల్లగా ఉత్తరానికి, అంటే యారాడ వైపు నుంచి భీమిలి వైపుకి నడుస్తుంది. చలికాలంలో కొన్నాళ్ళు వెనక్కి వస్తుంది కాని, మొత్తం మీద నడక ఉత్తరానికే. దాని దారికి అడ్డంగా హార్బరు ఉంది. 1933లో లోపలి హార్బరు తెరిచే నాటికే ఇంజనీర్లకి ఈ సంగతి తెలుసు. ఇసక వచ్చి కాలవ పూడిపోకుండా పాత ఓడలు రెండింటిని ముంచి అడ్డం పెట్టేరు. బైలదిలా ఇనపరాయి తీసుకెళ్ళే భారీ ఓడల కోసం బయటి హార్బరు కట్టేరు, అది 1976లో మొదలయింది. దాంతో కట్టలు సముద్రంలోకి ఇంకా ముందుకెళ్ళేయి. ఇసక కట్టకి ఈవల ఆగిపోతుంది. ఆవలనున్న బీచికి కొత్త ఇసక రాదు, ఉన్న ఇసకని కెరటాలు తీసుకుపోతాయి. మా డిపార్టుమెంటు పెద్దలు మహదేవన్ గారూ, అమెరికా నుంచొచ్చిన లఫాండ్ గారూ 1950లలోనే ఇక్కడి సముద్రం నడక మీద పరిశోధన మొదలుపెట్టేరని కూడా చెప్పేను. ఆ ముక్క పెదనాన్నకి అక్కర్లేదు, అలవాటు కొద్దీ వచ్చేసింది.

ఆయన అంతా విని, "సెరువుకి గట్టేస్తే కింద మడికి నీళ్ళు ఆగిపోవేటి? అందుకే గదా తూము ఎడతారు. దీనికి తూము ఎట్టనేదేటి మీ ఇంజనీర్లు?" అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళలో నా విద్యార్థి ఒక్కడూ ఇంత సూటిగా అడగలేదు.

"పెట్టేరు పెదనాన్నా. కట్ట పక్కన ఇసక పడడానికి గొయ్యి ఉంటుంది. డ్రెడ్జరు దాన్ని తోడుతుంది. ఆ ఇసకని గొట్టాల్లోంచి తెచ్చి బీచిలో పోస్తారు. లక్షల ఘనపు మీటర్లు."

"ఒక్కపాలి పోస్తే సాల్దు గదా."

"చాలదు. ఏటా పోస్తూ ఉండాలి."

"అయితే కట్ట సెడ్డది కాదు. తూము తీసీవోడు బద్ధకిస్తేనే గొడవ" అన్నాడు. అని, కాసేపాగి, నా మొహంలోకి చూస్తూ, "కాదంటావేటి?" అన్నాడు.

కాదనడానికి నా దగ్గర చాలా ఉంది. తుఫాన్లున్నాయి, ఒడ్డు దాకా తోసుకొచ్చిన కట్టడాలున్నాయి, సముద్రం మట్టం పెరగడం ఉంది. ఆయన అడిగింది అవి కాదు. ఎడమ అరచెయ్యి మోకాలి మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతికి చిటికెన వేలు సగమే ఉంటుంది. చిన్నప్పుడు నేనడిగితే చెరకు గానుగలో పోయిందన్నారు. గానుగ కాదని ఆ మెట్ల మీద నాకు తెలిసింది. దిమ్మ అచ్చు విప్పుతున్నప్పుడు పోయిందిట. మేస్త్రీ మూడు రోజుల కూలి ఇచ్చి పంపేసేడట.

"కాదనను. హార్బరు లేకపోతే ఈ ఊరే ఇంత లేదు పెదనాన్నా" అన్నాను. ఇది ఆయన మనసు కోసం అన్నది కాదు. ఎంత తిప్పి చూసినా నిజమే.

మా అమ్మాయి ఆయన్ని నిలబెట్టి, వెనకాల కట్ట వచ్చేలా ఫొటో తీసింది. పొద్దు వాలుతోంది, సముద్రం మీద మంచులాంటి పొగ. ఫొటోలో పెదనాన్న బాగా పడ్డాడు, కట్ట పడలేదు. వేళ్ళతో ఎంత పెద్దది చేసి చూసినా వెనక బూడిద రంగే. "పోనీలే, ఉంది గదా అక్కడ" అన్నాడాయన.

కొండ దిగి రామకృష్ణా బీచికొచ్చేం. నిన్నట్నుంచి మనవడు గొడవ పెడుతున్న మురీ మిక్చరు కొన్నాను. ఉల్లిపాయా, టమాటా, నిమ్మరసం, మరమరాలూ కలిపి కాగితం పొట్లంలో ఇస్తూంటే పెదనాన్న పక్కన నిలబడి, "మా అప్పుడు ఇదే రాత్రి కూడు" అన్నాడు. మనవడు నమ్మలేదు. రాత్రి భోజనానికి ఇదే పెట్టమని మా ఆవిణ్ణి అడిగేడు కూడా.

ఆయన ఊరెళ్ళి నెలలు గడిచేయి. మామూలుగా మా చుట్టాలు ఊరెళ్ళేక ఫోను చేస్తే, మర్చిపోయిన తువ్వాలు గురించో చార్జరు గురించో అడుగుతారు. పెదనాన్న నెలకోసారి చేసి ఒక్కటే అడుగుతాడు.

"ఏరా, ఈ ఏడు ఇసక పోసేరేటి?"

చూసొచ్చి చెప్తానంటాను. అందుకోసం ఆ సాయంత్రం కాళ్ళీడ్చుకుంటూ సబ్‌మెరైను దాకా వెళ్ళి వస్తాను.