అకిహబరాలో నాలుగు తాబేళ్లు

టోక్యోలో ఆఫీసు పని శుక్రవారంతో అయిపోయింది. విమానం ఆదివారం రాత్రి. మధ్యలో దొరికిన శనివారం పొద్దున్నే అకిహబరా స్టేషన్లో దిగాను. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రేడియో విడిభాగాల అమ్మకంతో మొదలైన బజారు ఇది. రైలు పట్టాల కింద ఇరుకు కొట్లలో ఇప్పటికీ వైర్లు, స్విచ్చులు అమ్ముతున్నారు. నాకైతే మన కోఠి గుజరాతీ గల్లీ గుర్తొచ్చింది.

అక్కడే సూపర్ పొటాటో అని పాత వీడియో గేముల దుకాణం ఉంది. సన్నటి మెట్లెక్కి వెళితే అరల నిండా క్యాసెట్లే. ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. నింజా తాబేళ్లు!

టీవీ కార్టూన్‌తో పేరు మోగిపోయిన ఆ నలుగురినీ 1990లో కోనామీ కంపెనీ గేమ్ బాయ్‌లోకి దించింది. మాకు దాన్ని అమెరికా నుంచి మామయ్య తెచ్చాడు. మిషను ఒకటి, మేమిద్దరం. ఆటలో శక్తి అయిపోయిన తాబేలు శత్రువులకు దొరికిపోతుంది. మిగిలినవాళ్లలో ఒకణ్ణి ఎంచుకోవాలి. నలుగురూ దొరికితే ఆట ఖతం. అందుకే ఇంట్లో ఒప్పందం: తాబేలు పోతే మిషను రెండోవాడికి ఇచ్చెయ్యాలి.

కార్టూన్లో కళ్లకు కట్టుకున్న గుడ్డ రంగుని బట్టి వాళ్లని గుర్తుపడతాం. లియోనార్డోది నీలం, రఫేల్‌ది ఎరుపు, డొనాటెల్లోది ఊదా, మైకెలాంజెలోది నారింజ. గేమ్ బాయ్‌లో రంగుల్లేవు, నాలుగు ఛాయలంతే. చేతిలో ఆయుధమే ఆనవాలు. పైగా తెర వెనక లైటు లేదు. ట్యూబ్‌లైటు కింద వంచి పట్టుకున్నవాడికే బొమ్మ సరిగ్గా కనిపించేది. పక్కనున్న తమ్ముడికి తెలీదులే అనుకుని, తాబేలు మారినా “ఇంకా అదేరా” అనేవాణ్ణి. వాడి వంతులు ఎన్ని మింగేశానో!

నాన్న పోయాక ఇంటి పంపకం కూడా నేనే చూశాను. వాడు సంతకం పెట్టాడు. ఆ తర్వాత మా మధ్య మాటలు తగ్గిపోయాయి.

క్యాసెట్‌తోపాటు పాత గేమ్ బాయ్ కూడా కొన్నాను. హోటల్ గది కిటికీ పక్కన కూర్చుని నాలుగు పెన్సిల్ బ్యాటరీలు వేశాను. ఒక్క దెబ్బకే మాయమయ్యే శత్రువులు, తింటే ప్రాణం లేచొచ్చే పిజ్జా, అన్నీ అలాగే ఉన్నాయి. చిన్నప్పుడు ఏళ్ల తరబడి ఆడిన ఐదు అంచెలూ గంటలోపే అయిపోయాయి. ఇంత చిన్న ఆట కోసమా అన్ని అబద్ధాలాడాను?

సాయంత్రం గుంటూరుకి వీడియో కాల్ చేశాను. వాడు భోజనం చేస్తున్నాడు. మిషను చూపించి దొంగాట ఒప్పేసుకున్నాను. వాడు నవ్వేశాడు.

“కర్రకీ కత్తికీ తేడా తెలీదనుకున్నావా అన్నయ్యా? అడిగితే నువ్వు బ్యాటరీలు పీకేసేవాడివి. పక్కన కూర్చుని చూడ్డమైనా దొరుకుతుందని ఊరుకున్నా.”

నాకు నోట మాట రాలేదు. ఆ సంతకమప్పుడు కూడా వీడు ఇలాగే ఊరుకున్నాడా?

అది ఫోన్లో అడిగే మాట కాదనిపించింది. సోమవారం హైదరాబాదులో దిగి, ఇంటికి వెళ్లకుండా గుంటూరు బస్సెక్కాను. గేమ్ బాయ్ చేతిసంచీలోనే ఉంది. ముందు వాడి వంతు.